మాస్కింగ్ టేప్ రివ్యూ: చలికి స్కూళ్లు మూసేసిన తొమ్మిది రోజులూ మమ్మల్ని నిలబెట్టింది ఇదే

రేటింగ్ ముందే చెప్పేస్తా, ఐదుకి నాలుగున్నర. ఆ అర ఎందుకు తగ్గించానో కింద చెప్తాను, అది గోడ విషయం.

అసలు ఇది పిల్లల వస్తువే కాదు. ఇంటికి రంగులేసేవాళ్లు కిటికీ అంచులకి, స్విచ్ బోర్డుల చుట్టూ అంటించుకుంటారు చూడండి, ఆ క్రీమ్ కలర్ కాగితం టేప్. మా ఆయన అల్మారాకి రంగేసుకుందామని తెచ్చి సగం వాడి పక్కన పడేసిన చుట్ట ఒకటి ఇంట్లో ఉంది, 24 మిల్లీమీటర్ల వెడల్పుది. చలి ఎక్కువైందని రేపట్నుంచి స్కూలు లేదని రాత్రి మెసేజ్ వచ్చినప్పుడు దాని సంగతి నాకు అసలు గుర్తే లేదు, నాకు గుర్తొచ్చిందల్లా నాలుగున్నరేళ్ల పెద్దోడు, రెండేళ్ల చిన్నది, బయటికి పంపడానికి లేదు, తలుపులు కిటికీలు మూసే ఉండాలి, నాకు ఇంటి నుంచే ఆఫీసు పని, ఎన్ని రోజులో ఎవరూ చెప్పట్లేదు.

మొదటి రోజు ఎలా గడిచిందంటే, బొమ్మల బుట్ట మొత్తం పొద్దున్నే బోర్లించేశారు, గంటలో అన్నీ అయిపోయాయి, పజిల్ రెండుసార్లు పెట్టేశాడు, రంగుల పుస్తకం నాలుగు పేజీలు, ఆ తర్వాత సోఫా ఎక్కి దూకడం, చెల్లిని తోయడం, ఏడుపు, మళ్లీ దూకడం. మధ్యాహ్నానికి నేను ఫోన్ ఇచ్చేశాను. సాయంత్రం ఫోన్ తీసుకుంటే ఇంకా పెద్ద ఏడుపు. ఆ రాత్రి పడుకోబెట్టడానికి పదిన్నర అయింది, ఒళ్లు అలవలేదు కదా మరి, నిద్ర ఎక్కణ్ణుంచి వస్తుంది.

నాకు అప్పుడే అర్థమైంది ఏంటంటే, వాళ్లకి తక్కువైంది బొమ్మలు కాదు, నేల. పరిగెత్తడానికి, గెంతడానికి, ఎక్కడానికి మామూలుగా స్కూల్లో దొరికే చోటు దొరకట్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్లలోపు పిల్లల గురించి ఇచ్చిన సూచనల్లో ఏముందంటే, ఏడాది నుంచి నాలుగేళ్ల వయసు పిల్లలు రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాలు కదులుతూ ఆడుకోవాలి, మూడు నాలుగేళ్ల వాళ్లకైతే అందులో 60 నిమిషాలన్నా ఓ మోస్తరు నుంచి గట్టిగా ఒళ్లు అలిసే ఆట ఉండాలి, కూర్చుని స్క్రీన్ చూడటం రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకి గంట దాటకూడదు, తగ్గితే ఇంకా మంచిది. 180 నిమిషాలంటే మూడు గంటలండీ. మూసిన గదుల్లో మూడు గంటలు ఎలా కదిలించాలి అన్నదే ఈ సెలవుల్లో అసలు ప్రశ్న, మిగతావన్నీ దాని తర్వాతే.

రెండో రోజు పొద్దున పెద్దోడు అల్మారా కింద నుంచి ఆ చుట్ట లాగి "అమ్మా ఇదేంటి, ఇది నేను తీస్కోవచ్చా" అన్నాడు. సరే అని ముక్క చింపి నేల మీద గీతలా అంటించా. వాడు దాని పక్కనే ఇంకోటి అంటించి "ఇది రోడ్డు" అన్నాడు. అంతే, మొదలైంది.

రోడ్డు గురించి కాస్త వివరంగా చెప్తా, ఎందుకంటే ఈ టేప్ గొప్పతనం తెలిసింది అక్కడే. మామూలు సెలోటేప్‌ని వంపు తిప్పాలంటే అది తిరగదు, మడత పడి లేచిపోతుంది. ఇది అలా కాదు, దీని వెనక కాగితం ముడతలు ముడతలుగా ఉంటుంది, క్రేప్ పేపర్ అంటారు, లాగితే కొంచెం సాగుతుంది. అందుకని ఒక చేత్తో నేలకి నొక్కుతూ ఇంకో చేత్తో మెల్లగా లాగుతూ పోతే మలుపు చక్కగా గుండ్రంగా వస్తుంది. పెద్దోడు మోకాళ్ల మీద కూర్చుని నాలిక బయటపెట్టుకుని మరీ ఆ మలుపు నొక్కుతున్నాడు, బొటనవేలితో, ఒక్కో అంగుళం. బల్ల కింద నుంచి పోయి, మంచం కాలు చుట్టూ తిరిగి, వంటింటి గుమ్మం దాకా పోయింది రోడ్డు. దానికి జీబ్రా క్రాసింగ్ కావాలన్నాడు, పెట్టాం. పార్కింగ్ గళ్లు కావాలన్నాడు, ఉన్న పదకొండు కార్లకి పదకొండు గళ్లు, లెక్కపెట్టి మరీ వేయించాడు. చిన్నదానికి ఒక కారు ఇచ్చి "నువ్వు ఇక్కడ ఆగాలి, ఎర్ర లైటు" అంటాడు, అది ఆగదు, నేరుగా తోసేస్తుంది, వాడు అరుస్తాడు, మళ్లీ ఆట. ఆ రోజు పొద్దున తొమ్మిదిన్నరకి మొదలుపెట్టింది భోజనాల టైం దాకా సాగింది, ఫోన్ అనే మాటే రాలేదు.

ఇంకో మంచి విషయం, చేత్తో చిరుగుతుంది. కత్తెర అక్కర్లేదు, పళ్లతో కొరకక్కర్లేదు. నాలుగేళ్ల పిల్లాడికి రెండు చేతుల వేళ్లతో పట్టుకుని ఒకటి ముందుకి ఒకటి వెనక్కి తిప్పితే చిరుగుతుందని చూపిస్తే పది నిమిషాల్లో వచ్చేసింది. దాంతో "అమ్మా చింపివ్వు, అమ్మా చింపివ్వు" అని నా వెంట పడటం పోయింది. నాకు మీటింగ్ ఉన్న గంట బయటపడింది దీనివల్లే.

అయితే కార్ల రోడ్డు అంటే కూర్చుని ఆడే ఆటే, ఒళ్లు కదలాలి కదా. మూడో రోజు నుంచి గెంతుడు గీతలు మొదలుపెట్టాం. హాల్లో ఒక చివర "మొదలు" అని ఒక గీత, అక్కణ్ణుంచి రెండు కాళ్లు కలిపి ఒకే ఒక్క గెంతు, మడమ ఎక్కడ పడిందో అక్కడ చిన్న ముక్క అంటించి దాని మీద పెన్నుతో తారీఖు రాయడం. టేప్ మీద పెన్నుతో చక్కగా రాయొచ్చు, అది కూడా దీనికున్న సుఖం. మొదటి రోజు 74 సెంటీమీటర్లు గెంతాడు. సెలవులు అయ్యేసరికి 88. మధ్యలో ఒక రోజు తగ్గింది, ఆ రోజు వాడి మొహం చూడాలి, "నిన్న కాళ్లు నొప్పి అందుకే" అని వాడే కారణం చెప్పుకున్నాడు. రోజుకి ముప్పై నలభై సార్లు గెంతేవాడు ఆ ముక్కని దాటాలని. నేను గెంతమని ఒక్కసారి కూడా చెప్పలేదు, గీత చెప్తోంది వాడికి. వాళ్ల నానమ్మ సోఫాలో కూర్చుని "ఇంకొంచెం బంగారం, ఇంకొంచెం" అంటూ ఉంటే చిన్నది కూడా వచ్చి గీత మీద నిలబడి గెంతినట్టు చేసి, పాదాలు నేల వదలకుండానే, చప్పట్లు కొట్టమని అందరి వైపూ చూసేది. దానికీ ఒక ముక్క అంటించాం.

ఇవి కాక మేం చేసినవి: నేల మీద పొడుగాటి గీత వేసి దాని మీదే పాదం ముందు పాదం పెట్టి నడవడం, తర్వాత వెనక్కి నడవడం, తర్వాత తల మీద మెత్తటి బొమ్మ పెట్టుకుని నడవడం. తొక్కుడుబిళ్ల గళ్లు. గదికి నాలుగు మూలలా నాలుగు ఆకారాలు అంటించి "త్రికోణం" అనగానే అక్కడికి పరిగెత్తడం, దీంట్లో ఆయాసం బాగా వస్తుంది, పడుకునే ముందు కాకుండా సాయంత్రం ఐదింటికి పెట్టుకోండి. ఎలుగుబంటి నడక, కప్ప గెంతు, పీత నడక అని దారి పొడుగునా మూడు చోట్ల మూడు గుర్తులు వేసి ఏ గుర్తు నుంచి ఏ నడక అని మార్చుకోవడం. ఈ చివరిది మా ఆయన కనిపెట్టారు, ఆయన కూడా పీత నడక నడిచారు, పిల్లలు ఎక్కువ నవ్వింది అప్పుడే.

గుమ్మంలో సాలెగూడు అని ఒకటి చాలామంది చేస్తుంటారు, గుమ్మానికి అడ్డంగా ఐమూలగా టేప్ లాగి, జిగురు వైపు మన వైపు ఉండేలా పెట్టి, కాగితం ఉండలు విసిరితే అతుక్కుంటాయి. బాగుంటుంది, నిజంగా బాగుంటుంది, పాత కాగితాలు ఉండలు చుట్టడమే పావుగంట పని. కానీ దీన్ని పిల్లల దగ్గర వదిలేసి మాత్రం వెళ్లకండి. పిల్లలు దాంట్లోంచి దూరాలని చూస్తారు, టేప్ మెడ దగ్గరికి వస్తుంది, చిన్నదాని జుట్టుకి అతుక్కుంటే తీయడం కష్టం. ఆట అయిపోగానే మొత్తం తీసేయడమే, రాత్రికి అలా ఉంచితే చీకట్లో పెద్దవాళ్లు చూసుకోకుండా తగులుకునే ప్రమాదం కూడా ఉంది, ఇంట్లో పెద్ద వయసు వాళ్లుంటే మరీ జాగ్రత్త.

చిన్నదాని సంగతి. రెండేళ్ల పిల్లకి రోడ్లు, గెంతులు అంతగా పట్టవు. దానికి నచ్చింది వేరే. ఒక పళ్లెం తీసుకుని దాని మీద ప్లాస్టిక్ ఏనుగు, ఆవు, సింహం పెట్టి ఒక్కోదాని మీదుగా మూడు నాలుగు టేప్ ముక్కలు అడ్డంగా అంటించాను, చివర్లు కొంచెం మడిచి పట్టుకోడానికి వీలుగా. "పాపం ఏనుగు ఇరుక్కుపోయింది, విడిపించు" అన్నాను. ఆ పిల్ల పళ్లెం ముందు చతికిలబడి, ఆ మడత చివరని చూపుడు వేలికీ బొటనవేలికీ మధ్య పట్టుకోవడానికి చేసిన ప్రయత్నం నేను మర్చిపోలేను. మొదట అరచేత్తో రుద్దింది, రాలేదు. గోటితో గీరింది, రాలేదు. నాలుగోసారో ఐదోసారో మడత దొరికింది, లాగితే చర్రున వచ్చింది, ఆ చప్పుడుకి ఉలిక్కిపడి నా వైపు చూసి, ఇంకోటి లాగింది. ఏనుగు లేచింది. దాన్ని ముద్దు పెట్టుకుని మళ్లీ నా చేతికిచ్చి "మళ్లీ" అంది. ఆ రోజు పదిహేడు సార్లు ఇరుక్కుంది ఆ ఏనుగు. వేలికీ వేలికీ మధ్య అలా పట్టుకునే పట్టే రేపు పెన్సిల్ పట్టడానికి, బొత్తాలు పెట్టుకోడానికి కావాల్సింది, దానికోసం ప్రత్యేకంగా ఏ కిట్టూ కొనక్కర్లేదు. బొమ్మలు మాత్రం పెద్దవే పెట్టండి, మూడేళ్లలోపు పిల్లలకి నోట్లో పట్టేసే చిన్న వస్తువులు ఏవైనా గొంతుకి అడ్డం పడతాయి. పీకిన టేప్ ముక్కలు కూడా అంతే, ఎప్పటికప్పుడు ఉండ చుట్టి తీసేయాలి, నోట్లో పెట్టుకోనివ్వకూడదు.

పనికిరానిది కూడా చెప్పాలి కదా. నేల మీద అక్షరాలు వేసి నేర్పిద్దామని చూశాను, అ ఆ ఇ ఈ, మన అక్షరాల గుండ్రాలకి ఈ టేప్ సరిపోదు, వెడల్పు ఎక్కువ, "ఇ" వేస్తే పాములా వచ్చింది, వాడికి ఆసక్తీ లేదు. అంకెలు పర్వాలేదు, 1, 4, 7 బాగా వస్తాయి. చదువు దీంట్లో కలపకండి అనే నా అభిప్రాయం, ఆ తొమ్మిది రోజుల్లో ఆటలోనే వాడంతట వాడు లెక్కపెట్టినన్ని సార్లు మామూలుగా కూర్చోబెట్టి చెప్పినా లెక్కపెట్టేవాడు కాదు.

ఇప్పుడు ఆ అర మార్కు సంగతి. నాలుగో రోజు వాడు రోడ్డుని గోడ ఎక్కించాడు. కొత్తగా రంగేసిన గోడ. నేనూ చూసి ఊరుకున్నాను, బాగుంది కదా కొండ మీద రోడ్డు అనుకుని. సాయంత్రం పీకితే టేప్‌తో పాటు అరచేతి మేర రంగు పొరలా లేచి వచ్చేసింది. మా మామయ్య ఏమీ అనలేదు గానీ చాలాసేపు ఆ మచ్చనే చూస్తూ కూర్చున్నారు, నాకు చాలా బాధనిపించింది. తప్పు టేప్‌ది అని పూర్తిగా అనలేను, కొత్త రంగు పైకి ఆరినట్టు కనిపించినా లోపల గట్టిపడటానికి వారాలు పడుతుంది, నెల రోజులన్నా ఆగాలి. గోడకి, పాలిష్ పెట్టిన చెక్కకి, వాల్‌పేపర్‌కి ఈ క్రీమ్ కలర్ టేప్ వద్దే వద్దు. నీలం రంగుది దొరుకుతుంది, పెయింటర్స్ టేప్ అని, దాని జిగురు తక్కువ పట్టుది, కొన్నిటి ప్యాకెట్ మీద 14 రోజుల వరకు ఉంచొచ్చని రాసుంటుంది. గోడ మీద ఆడించాలంటే అది తీసుకోండి, అది కూడా ముందు ఒక మూల చిన్న ముక్క అంటించి మర్నాడు పీకి చూసుకున్నాకే.

నేల మీద కూడా ఒక దెబ్బ తిన్నాం, అది మొదటి చుట్ట అయిపోయాక. ఆరో రోజు మా ఆయన్ని ఇంకోటి తెమ్మంటే వేరే కంపెనీది తెచ్చారు, పేరు చెప్పను. చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంది. మర్నాడు తీస్తే కాగితం పొర ఒక్కటే వచ్చింది, జిగురంతా నేలకే ఉండిపోయింది, దాని మీద దుమ్ము పడి నల్లగా, పాదాలకి అంటుకుంటూ. గుడ్డకి కాస్త వంట నూనె రాసి పది నిమిషాలు దాని మీద ఉంచి రుద్ది, తర్వాత సబ్బు నీళ్లతో తుడిస్తే పోయింది, రెండు గంటలు పట్టింది, నూనె మిగిలితే జారుతుంది కాబట్టి సబ్బు నీళ్లతో రెండుసార్లు తుడవాలి. ఒక భాగం రూమ్ హీటర్ ఎదురుగా ఉంది, అక్కడైతే మరీ దారుణం. వేడి తగిలే కొద్దీ ఈ జిగురు మెత్తబడి నేలకి పట్టేస్తుంది. మంచి కంపెనీదైనా సరే, హీటర్ దగ్గర, ఎండ పడే కిటికీ కింద అంటించొద్దు. అసలు హీటర్ చుట్టూ కనీసం మీటరు దూరం వరకు ఏ ఆటా ఉండకూడదు, మేం ఆ మీటరు దూరాన్ని టేప్‌తోనే గీసి "ఇది దాటితే వేడి" అని పెట్టాం. మొత్తం సెలవుల్లో అన్నిటికన్నా ఉపయోగపడిన గీత అదే, రెండేళ్ల పిల్ల కూడా గీత దగ్గర ఆగి వేలు చూపించి "వేది" అనేది. అలాగని గీతని నమ్ముకుని పిల్లల్ని హీటర్ ఉన్న గదిలో ఒంటరిగా వదలకూడదు.

తీసే పద్ధతి ఉంది. నిటారుగా పైకి లాగితే చిరుగుతుంది. ఒక చివర లేపి, 45 డిగ్రీల వాలులో, దాని మీదకే వెనక్కి మడుస్తున్నట్టు మెల్లగా లాగుతూ పోవాలి. పిల్లలకి ఈ పీకే పని ఇవ్వండి, వేసేటప్పటి కన్నా పీకేటప్పుడు ఎక్కువ సంబరం, పీకినదంతా కలిపి బంతి చేశాం, ఆ బంతి పెద్దోడి తలకాయంత అయింది, దాంతో ఇంకో రెండు రోజులు ఆడారు.

ఇంకోటి, చలికి నేల బాగా చల్లగా, చెమ్మగా ఉంటే టేప్ సరిగా అంటదు. పొడి గుడ్డతో తుడిచి, అంటించాక వేలితో గట్టిగా రుద్దాలి. చల్లటి నేల మీద ఎక్కువసేపు ఉత్త కాళ్లతో ఆడనివ్వలేం, మేజోళ్లతో గెంతితే జారతారు, అందుకని అడుగున రబ్బరు చుక్కలుండే మేజోళ్లు వేశాను. అవి లేకపోతే గెంతుడు ఆటలు చాప మీదో కార్పెట్ మీదో కాకుండా, ఉత్త కాళ్లతో కొద్దిసేపు ఆడించి మళ్లీ మేజోళ్లు వేసేయడం మేలు, చాప కూడా జారుతుంది.

వేరే టేపులతో చేయొచ్చా అని అడుగుతారు కాబట్టి, సెలోటేప్ వద్దు, చివర దొరకదు, చీలికలుగా చిరుగుతుంది, కనపడదు కూడా. అట్టపెట్టెలకి వేసే బ్రౌన్ టేప్ జిగురు మరీ గట్టిది, నేల పాడవుతుంది, దాన్ని కోసే పళ్ల చట్రం పిల్లల చేతికి ప్రమాదం. కరెంటు పనివాళ్ల ఇన్సులేషన్ టేప్ రంగులు బాగుంటాయి, బాగా సాగుతుంది, కానీ సాగదీసి అంటిస్తే కాసేపటికి ముడుచుకుని లేచిపోతుంది. వాషీ టేప్, అంటే అలంకరణకి వాడే రంగురంగుల సన్నటి కాగితం టేప్, గోడలకి మంచిదే గానీ గదంతా రోడ్డు వేయడానికి సరిపడా ఉండదు.

దీని పుట్టుక గురించి తెలిస్తే నాకు ముచ్చటేసింది. అమెరికాలో గరుకు కాగితం తయారుచేసే 3ఎం అనే కంపెనీలో రిచర్డ్ డ్రూ అనే కుర్రాడు ల్యాబ్‌లో పని చేసేవాడు, ఆ కాగితం నమూనాలు తీసుకుని కార్లకి రంగులేసే షెడ్డుకి వెళ్లేవాడు. అప్పట్లో కార్లకి రెండు రంగులు వేయడం ఫ్యాషన్, ఒక రంగు మీద కాగితాలు జిగురుతో అంటించి రెండోది వేసేవాళ్లు, ఆ కాగితం తీసేటప్పుడు కింద రంగు ఊడొచ్చేది, పనివాళ్లు తిట్టుకునేవాళ్లు. అది విని అతను పట్టుకోవాలి కానీ పాడుచేయకుండా ఊడిరావాలి అని ప్రయత్నించి ప్రయత్నించి 1925లో ఈ టేప్ తెచ్చాడు. పట్టుకోవడం, పాడుచేయకుండా వదలడం, నేల మీద పిల్లలకి కావాల్సింది సరిగ్గా ఆ రెండే. రోడ్డు నచ్చలేదా పీకి ఇంకో వైపు వేసుకోవచ్చు. సున్నం గీతలా చెరగదు, పెన్ను గీతలా ఉండిపోదు. కొన్న బొమ్మకి చేయాల్సిన పని ముందే ఎవరో నిర్ణయించి పెడతారు, అది అయిపోతే బొమ్మ పక్కకి పోతుంది, దీనికి అలాంటిది ఏమీ లేదు, పొద్దున రోడ్డు, మధ్యాహ్నం నది, సాయంత్రం పులి దాటకూడని కంచె.

పెద్దవాళ్ల వైపు నుంచి ఒక్క మాట. చుట్ట చేతికిచ్చి వెళ్లిపోతే పని జరగదు. మొదటి పది పదిహేను నిమిషాలు మీరూ నేల మీద కూర్చోవాలి, ఫోన్ పక్కన పెట్టి. "ఈ రోడ్డు ఎక్కడికి పోతుంది" అని ఒక ప్రశ్న అడిగి, వాళ్లు చెప్పినట్టు రెండు మూడు ముక్కలు అంటించి, అప్పుడు లేస్తే గంట గంటన్నర వాళ్లే ఆడుకుంటారు. మొదట్లో కూర్చోని రోజు అరగంటకే నా కుర్చీ దగ్గరికి వచ్చేశారు.

కొనేవాళ్లకి, 24 మిల్లీమీటర్లది రోడ్లకి, గెంతులకి సరిగ్గా సరిపోతుంది. 48ది పిల్లల చేతికి పెద్దది, చింపలేరు. వాడకం ఎక్కువే, గదిలో ఒక రోడ్డుకే పన్నెండు పదమూడు మీటర్లు అయిపోయింది, అందుకని మంచిది రెండు చుట్టలు ఒకేసారి తెచ్చి పెట్టుకోండి, మధ్యలో అయిపోయి దొరికింది తెచ్చుకుంటే మాకైనట్టే అవుతుంది. చుట్టని అడ్డంగా పడుకోబెట్టి, కవర్లో చుట్టి పెట్టండి, అంచులకి దుమ్ము పడితే అక్కణ్ణుంచి చిరగడం మొదలవుతుంది.

తొమ్మిదో రోజు రాత్రి రేపు స్కూలుంది అని మెసేజ్ వచ్చింది. పొద్దున బూట్లు వేసుకుంటూ పెద్దోడు హాల్లో గెంతుడు గీతల దగ్గర నిలబడి "ఇవి పీకొద్దు, సాయంత్రం వచ్చి 90 గెంతుతా" అన్నాడు. 88 దగ్గర ముక్క ఇంకా నేల మీదే ఉంది.